మూలలో నిలబడ్డవాడి పాఠాలు

మా మనవరాలికి 2028 నవంబరు ఎన్నికల నాటికి పద్దెనిమిదేళ్లు నిండుతాయి. ఇక్కడ అయోవాలో అలాంటి పిల్లలు పదిహేడేళ్లకే కాకస్‌లో పాల్గొనవచ్చు. అందుకని ఇప్పటినుంచే నన్ను పీక్కుతింటోంది. "తాతా, అంతమంది నిలబడతారు కదా, ఎవరికి అర్హత ఉందో నీకెట్లా తెలుస్తుంది?" నాకు తెలుస్తుందని దానికి ఎవరు చెప్పారో మరి.

నేను అనంతపురం జిల్లా నుంచి 1974లో అయోవాలోని ఏమ్స్‌లో ఎమ్మెస్ చదవడానికి వచ్చినవాణ్ణి. తర్వాత సీడర్ రాపిడ్స్‌లో విమాన పరికరాలు చేసే కంపెనీలో ముప్పై మూడేళ్లు పనిచేశాను. 1986లో పౌరసత్వం వచ్చింది, 1988 నుంచి కాకస్‌లకి పోతున్నాను. రెండుసార్లు పార్టీ కూడా మార్చాను. ఆ రాత్రే అక్కడే ఫారం నింపి మార్చుకోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

కాకస్ చూడనివాళ్లకి ఒక మాట. తమ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి ఎవరు నిలబడాలో ఊరివాళ్లు కూడి చెప్పే సమావేశం అది. డెమొక్రాట్లు 2020 దాకా ఈ పని నిలబడి చేసేవారు. చలికాలపు రాత్రి స్కూలు జిమ్‌లోనో చర్చి హాల్లోనో చేరి, ఒక్కో అభ్యర్థికి ఒక్కో మూల అనుకుని, ఎవరికి నచ్చిన మూలకి వాళ్లు నడిచి వెళ్లేవారు. వచ్చినవాళ్లలో 15 శాతం మంది చేరని మూల సాధారణంగా చెల్లేది కాదు. అక్కడున్నవాళ్లు ఇంకో మూలకైనా పోవాల్సి వచ్చేది, ఇంటికైనా పోవాల్సి వచ్చేది. రిపబ్లికన్లు మాత్రం చీటీ మీద పేరు రాసి ఇస్తారు. 1972 నుంచి దేశంలో అందరికంటే ముందు మా రాష్ట్రమే అభిప్రాయం చెబుతూ రావడంతో, మిగతావాళ్లకి టీవీలో కనిపించే పెద్దమనుషులు మాకు కాఫీ కొట్లో ఎదురయ్యేవారు. కాబట్టి నేను చెప్పేది దగ్గర్నుంచి చూసి చెప్పేదే. దగ్గర్నుంచి చూసినా తప్పులు చేశాను, అవీ చెబుతాను.

1. రాజ్యాంగం అడిగేవి మూడే.

ముప్పై అయిదేళ్లు నిండాలి, పుట్టుకతో ఈ దేశ పౌరుడై ఉండాలి, పద్నాలుగేళ్లు ఇక్కడ కాపురం ఉండాలి. మా రోజుల్లో సమితి ఆఫీసులో గుమస్తా పోస్టుకి కూడా టైపు లోయరో హయ్యరో పాసై ఉండాలనేవాళ్లు. ఇక్కడ అణ్వాయుధాల తాళం చేతికిచ్చే ఉద్యోగానికి పదో తరగతి కూడా అక్కర్లేదు. మిగతా పరీక్షంతా మన చేత పెట్టిస్తారు. పుట్టుక దగ్గరే నాకు ఆ కుర్చీ తప్పిపోయింది, మనవరాలికి మాత్రం అవకాశం ఉంది. ఆ మాటే అంటే, జీతం ఏడాదికి 4 లక్షల డాలర్లేనని ఫోనులో చూసి, "నాకొద్దు తాతా" అంది.

2. బయోడేటా చూసి మురిసిపోయే ముందు వెస్ట్ బ్రాంచ్ వెళ్లిరా.

ఇండియా నుంచి ఎవరొచ్చినా నేను చూపించే చోటు అదే. మా ఇంటి నుంచి కారులో అరగంట పైచిలుకు. రెండే గదుల చిన్న చెక్క ఇల్లు, నాలుగు అడుగులు వేస్తే అయిపోతుంది. 1874లో హెర్బర్ట్ హూవర్ అందులో పుట్టాడు. పదేళ్లు నిండకముందే తల్లీ తండ్రీ పోయారు. అక్కడినుంచి స్టాన్‌ఫర్డ్ చదువు, ఆస్ట్రేలియాలోనూ చైనాలోనూ గనుల ఇంజినీరుగా సంపాదన, మొదటి ప్రపంచయుద్ధంలో ఆకలితో అల్లాడుతున్న బెల్జియంకి తిండిగింజలు చేరవేసిన పేరు. ఎనిమిదేళ్ల దగ్గరదగ్గర వాణిజ్య మంత్రి. 1927లో మిసిసిపీ నది పొంగితే సహాయం నడిపించిందీ ఆయనే. ఇంజినీరుగా నాకు ఆ మ్యూజియంలో ఎప్పుడూ ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఇంతకంటే అర్హత ఉన్న మనిషిని ఏ పార్టీ ఎక్కడ వెతుక్కొస్తుంది?

1928లో గెలిచాడు. 1929లో మార్కెట్ కూలింది. ఊళ్ల శివార్లలో వెలిసిన రేకుల గుడిసెలకి జనం ఆయన పేరే పెట్టారు. బోనస్ డబ్బు అడగడానికి వాషింగ్టన్ వచ్చిన మాజీ సైనికుల మీదికి 1932లో పటాలాన్ని పంపారు. ఆ ఏడు ఎన్నికల్లో ఎలక్టోరల్ ఓట్లు రూజ్‌వెల్ట్‌కి 472, హూవర్‌కి 59.

అయిదారుసార్లు చూశాక గానీ ఒక సంగతి నా బుర్రకెక్కలేదు. 1928కి ముందు ఆయన ఏ ఎన్నికలోనూ గెలిచి పదవి చేసినవాడు కాడు. గనిలో అయినా సహాయ సంస్థలో అయినా ఆయన మాటే చెల్లేది. మాట వినక్కర్లేని కాంగ్రెసునీ, కడుపు మండిన జనాన్నీ బుజ్జగించి దారికి తెచ్చుకోవాల్సిన అవసరం అప్పటిదాకా పెద్దగా పడలేదు. బయోడేటాలో పదవులుంటాయి. ఆ పదవిలో ఎదురు చెప్పేవాడు ఉన్నాడో లేడో ఉండదు.

ఇంకో ఉదాహరణ. 2007లో బిల్ రిచర్డ్‌సన్ అని న్యూ మెక్సికో గవర్నరు డెమొక్రాట్లలో నిలబడ్డాడు. కాంగ్రెసు సభ్యుడు, ఐక్యరాజ్యసమితిలో రాయబారి, ఇంధన మంత్రి, గవర్నరు, అన్నీ చేసినవాడు. తన ప్రకటన తనే వేళాకోళంగా తీయించుకున్నాడు. ఉద్యోగం ఇంటర్వ్యూకి వచ్చి కూర్చుంటాడు, అవతలివాడు శాండ్‌విచ్ నములుతూ బయోడేటా అంతా చదివి, ఇంతకీ అధ్యక్ష పదవికి నువ్వెలా సరిపోతావంటావ్ అన్నట్టు అడుగుతాడు. మేమందరం పడీపడీ నవ్వాం. ఆయన మూలకి ఎవరం పోలేదు, అయోవాలో రెండు శాతమే వచ్చింది. పాపం, ఆ ప్రకటనలో తిండి తింటున్నవాణ్ణి నేనే.

3. పేరు వినకపోవడం అనర్హత కాదు. బయటివాడు కావడం అర్హతా కాదు.

1976 జనవరిలో నేనింకా విద్యార్థిని. ఇంటి యజమాని "రా, మా ప్రజాస్వామ్యం చూద్దువుగాని" అని చూడటానికి పట్టుకెళ్లాడు. జిమ్మీ కార్టర్ అని ఎవరో శనక్కాయల రైతు అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్నాడని చెబితే నాకు నవ్వాగలేదు. అనంతపురం వాడికి శనక్కాయల రైతంటే వాన కోసం ఆకాశంలోకి చూసే మనిషి, అప్పుల మనిషి. ఆ రైతు నౌకాదళంలో అణు జలాంతర్గాముల కార్యక్రమంలో పనిచేసిన అధికారి అనీ, జార్జియా గవర్నరు చేశాడనీ ఆ రాత్రే తెలిసింది. ఆ రాత్రి లెక్కలో ఎవరికీ కట్టుబడమన్నవాళ్లే 37 శాతం, కార్టర్‌కి 27 పైచిలుకు. అయినా అక్కడినుంచే ఆయన దేశానికి తెలిశాడు, నవంబరులో గెలిచాడు.

వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత జనానికి వాషింగ్టన్ వాసన లేనివాడు కావాలి. అదే కార్టర్‌కి కలిసొచ్చింది, లోపలికి వెళ్లాక అదే అడ్డమైంది. సొంత పార్టీకే రెండు సభల్లో బలముండగా, ఆ పార్టీవాళ్లతోనే పొసగలేదు. 1980లో టెడ్ కెనెడీ పార్టీలోనే ఎదురు నిలిచాడు. కార్టర్ నిజాయితీ మీద నాకెప్పుడూ అనుమానం లేదు, క్యాంప్ డేవిడ్‌లో ఈజిప్టునీ ఇజ్రాయెల్‌నీ కూర్చోబెట్టిన ఓపిక మీదా లేదు. అత్తవారింట్లో ఎవరూ తెలియకుండా అడుగుపెట్టిన కోడలికి ఎంత మంచితనం ఉన్నా మొదటి ఏడు కష్టమే.

2016లో రిపబ్లికన్లలో పదిహేడుమంది నిలబడ్డారు. అందులో గవర్నర్లు, మాజీ గవర్నర్లు కలిపి తొమ్మిదిమంది. గెలిచింది అంతకుముందు ప్రభుత్వంలో గానీ సైన్యంలో గానీ ఏ పదవీ చేయని ట్రంప్. అనుభవం లేకపోవడమే అర్హతగా చెల్లుబాటయ్యే ఏళ్లు కొన్ని వస్తాయి. అవి ఎప్పుడొస్తాయో చూడాలంటే అభ్యర్థుల వంక కాదు, అంతకుముందు ఎనిమిదేళ్లు జనం దేనికి విసిగిపోయారో చూడాలి.

4. కింద పనిచేసినవాళ్లని అడుగు.

ఇది కంపెనీలో నేర్చుకున్నది. ఇంటర్వ్యూ ప్యానెల్లో పదిహేనేళ్లు కూర్చున్నాను. ఒకసారి మెరిసిపోయే బయోడేటాతో ఒకాయన వచ్చాడు, పైగా నేను చదివిన యూనివర్సిటీయే. అతను రాసిచ్చిన ముగ్గురికీ ఫోన్ చేశాను, ముగ్గురూ పై అధికారులే, ముగ్గురూ మెచ్చుకున్నారు. అతని కింద పనిచేసిన ఒక్కరికి కూడా ఫోన్ చేయాలని తోచలేదు. ఏడాది తిరక్కుండా అతని కింద ఆరుగురిలో ముగ్గురు మానేశారు. ఆ నియామకం కాగితం మీద సంతకం నాదే.

అప్పట్నుంచి అభ్యర్థి దగ్గరికి వెళ్తే ప్రసంగం సగమే వింటాను. మిగతా సగం ఆయన చుట్టూ తిరిగే ఇరవై రెండేళ్ల పిల్లల మొహాలు చూస్తాను. ఒక ఏడు శీతాకాలంలో మా స్నేహితుడి బేస్‌మెంట్‌లో ఒక అభ్యర్థిని పిలిచాం, పేరు చెప్పను. వచ్చాడు, మన ఇళ్ల పద్ధతి తెలిసినవాడిలా బూట్లు గుమ్మంలో విప్పాడు, అక్కడే మా ఆడవాళ్ల మనసు గెలిచేశాడు. సమోసా తిన్నాడు, కారంగా ఉందని కళ్లు తుడుచుకుని నవ్వించాడు. మాటల్లో మా ఊరి పేరు తప్పు చెప్పాడు, పక్క కౌంటీ ఊరి పేరు చెప్పాడు. చటుక్కున సర్దుకుని జోకు వేశాడు. నేను మడత కుర్చీలు లోపల పెట్టడానికి గరాజ్‌లోకి వెళ్లేసరికి ఆయన అక్కడ ఉన్నాడు. చేతిలో ఆయన కోటు పట్టుకుని ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఊరి పేరు కాగితం మీద తప్పు రాసింది ఆ కుర్రాడే కాబోలు. గొంతు ఎత్తలేదు ఆయన. నెమ్మదిగా, ఒక్కో మాటా నొక్కి, ఆ పిల్లవాణ్ణి చితక్కొట్టినట్టు మాట్లాడాడు. నన్ను చూసి మళ్లీ అదే నవ్వు నవ్వాడు. నేను కుర్చీలు గోడకి ఆనించి లోపలికి వచ్చేశాను. ఆ రాత్రి ఇంటికొస్తూ మా ఆవిడ "ఎంత మర్యాదస్తుడండీ" అంది. నేను చెప్పలేదు, చాలా నెలలు చెప్పలేదు.

5. నిమిషంలో దొర్లిన తప్పుకి మార్కులు తీసేయకు.

2004లో హవర్డ్ డీన్ మా రాష్ట్రంలో మూడో స్థానానికి పడిపోయిన రాత్రి, తనవాళ్లని ఉత్సాహపరుస్తూ ఒక కేక పెట్టాడు. హాలంతా గోలగా ఉంది, అక్కడున్నవాళ్లకి అది వింతగా అనిపించలేదట. చేతిలో మైకు మాత్రం ఆ గోలనంతా వదిలేసి ఆయన గొంతొక్కటే పట్టుకుంది. టీవీలు వారం రోజులు అదే తిప్పి తిప్పి వేశాయి. ఆయన ఓడింది ఆ కేకకి ముందే, ఆ రాత్రి లెక్కలోనే. జనానికి మాత్రం కేక వల్ల ఓడినట్టు గుర్తుండిపోయింది.

రిక్ పెర్రీ సంగతి ఇంకా మేలు. 2011 నవంబరులో మిషిగన్‌లో చర్చ. నేను గెలిస్తే మూడు శాఖలు ఎత్తేస్తానని వాణిజ్యం, విద్య అని రెండు చెప్పి మూడోది మరిచిపోయాడు. దేశమంతా ఆ మతిమరుపు మీద నవ్వింది, నేనూ నవ్వాను. మూడోది ఇంధన శాఖ. 2017లో ఆయనే ఆ శాఖకి మంత్రి అయ్యాడు. సెనేట్ కమిటీ ముందు కూర్చుని, ఈ శాఖ ఏం చేస్తుందో తెలుసుకున్నాక దాన్ని ఎత్తేయమన్నందుకు చింతిస్తున్నానని ఒప్పుకున్నాడు. అణ్వాయుధాల భద్రత చూసేది ఆ శాఖే. శాఖ పేరు మరిచిపోవడం ఎవరికైనా జరుగుతుంది, నేను నిన్న మా డాక్టరు పేరు మరిచిపోయాను. ఆ శాఖలో ఏం జరుగుతుందో కనుక్కోకుండానే మూసేస్తానన్నాడే, అక్కడ అడగాలి. ఆ రోజు వేదిక మీద ఎవరూ అడగలేదు, ఇంట్లో సోఫాలో కూర్చున్న మేమూ అడగలేదు.

6. ప్రచారం నడపడం ఒక పరీక్షే, కానీ వేరే సబ్జెక్టుది.

2008 జనవరి 3. మా స్కూలు జిమ్‌లో కాలు పెట్టే చోటు లేదు. ఆ రాత్రి రాష్ట్రం మొత్తం మీద డెమొక్రాట్ల కాకస్‌లకి 2,39,000 మంది వచ్చారు, నాలుగేళ్ల ముందుకంటే దాదాపు రెట్టింపు. మా ఆవిడ చేతిసంచి భుజాన వేసుకుని తిన్నగా ఒబామా మూలకి నడిచింది. నేను ఎదురు మూలకి, హిల్లరీ క్లింటన్ వైపు వెళ్లాను. ముప్పై ఏళ్ల కాపురంలో మొదటిసారి అంతమందిలో ఎదురెదురుగా నిలబడ్డాం. దోసెలకి కలిసే మా స్నేహితుల బ్యాచ్ అంతా చూసి ఈలలు వేసింది.

నా లెక్క ఇది. ఒబామా ఇల్లినాయ్ రాష్ట్ర సెనేట్‌లో ఎనిమిదేళ్లు, వాషింగ్టన్‌లో మూడేళ్లు. ఇది సరిపోదు. వైట్‌హౌస్ లోపల ఎనిమిదేళ్లు ఉండి, సెనేట్‌లో రెండోసారి గెలిచిన మనిషి ఎదురుగా ఉండగా కొత్తవాడికి ఎందుకివ్వాలి? ఇంటర్వ్యూలు చేసిన బుద్ధి అది. మా ఆవిడ లెక్క వేరు: "ఇంతమంది పిల్లల్ని ఇంత చలిలో ఇంటింటికీ పంపి, ఒక్కడూ ఇంకొకణ్ణి తిట్టకుండా నడిపిస్తున్నాడంటే, ఇల్లు నడపగలడు." అవతలి శిబిరంలో అప్పటికే లోలోపల గొడవలు పత్రికలకెక్కుతున్నాయి. ఆ లెక్కన ఆవిడదే సరైన చూపు.

అయితే 2013 అక్టోబరు 1 వచ్చింది. ఒబామా ఆరోగ్య బీమా వెబ్‌సైటు తెరిచిన రోజు. ఎన్నికల్లో కంప్యూటర్లు వాడటంలో అందరికీ గురువులనిపించుకున్న మనిషి ప్రభుత్వంలో, మొదటి రోజు చివరిదాకా వెళ్లి బీమా తీసుకోగలిగినవాళ్లు ఆరుగురే. ఆ వారమంతా నేను ఇంట్లో కాస్త ఎక్కువే మాట్లాడాను. ప్రచారంలో నచ్చనివాణ్ణి ఆ సాయంత్రమే పంపేయొచ్చు. ప్రభుత్వంలో కాంట్రాక్టులు, శాఖలు, నిబంధనలు, ఒకరికొకరు చెప్పని సంగతులు. తర్వాత దాన్ని బాగుచేశారనుకోండి.

7. డబ్బూ, జాతరా.

2015లో మొదటి ఆరు నెలల్లోనే రిపబ్లికన్లలో నిలబడ్డ జెబ్ బుష్ తరఫు కమిటీ 10 కోట్ల డాలర్లు పైన పోగేసింది. అయినా గెలిచింది ట్రంపే. 2020లో డెమొక్రాట్లలో నిలబడ్డ బ్లూమ్‌బెర్గ్ సొంత సొమ్ము 100 కోట్ల డాలర్ల దాకా ధారపోసి గెలుచుకున్నది అమెరికన్ సమోవా ఒక్కటి. ఇక ఆగస్టులో మా స్టేట్ ఫెయిర్‌కి వచ్చి పంది మాంసం కాల్చని అభ్యర్థి ఉండడు. శాకాహారిని, నేను వెన్నతో చేసిన ఆవు బొమ్మ చూసి వచ్చేస్తాను. అక్కడ చూసి నేర్చుకునేది ఏమీ లేదు.

8. మనవాడు అనేది సంతోషం, మార్కు కాదు.

బాబీ జిందాల్, కమలా హారిస్, నిక్కీ హేలీ, వివేక్ రామస్వామి. ఒక్కొక్కరు నిలబడినప్పుడల్లా హైదరాబాదు నుంచి డల్లాస్ దాకా మా వాట్సాప్ గ్రూపులు హోరెత్తిపోయాయి. "మనవాళ్లకి మనం వేయకపోతే ఎవరు వేస్తారు?" మంచిదే. రామస్వామి మా 99 కౌంటీలూ చుట్టాడు, మంచుని లెక్కచేయలేదు. 2024లో నాలుగో స్థానం, ఎనిమిది శాతం లోపే, ఆ రాత్రే తప్పుకున్నాడు. నన్ను అడిగినవాళ్లందరికీ నేను వేసిన ఎదురు ప్రశ్న ఒకటే: ఇదే మాటలు, ఇదే బయోడేటా, పేరు మాత్రం స్మిత్ అయితే ఫోన్ చేసేవాడివా? చాలామంది తర్వాత ఫోన్ చేయలేదు.

9. "గెలుస్తాడా?" అని అడగడం మొదలుపెడితే నీ బుర్ర అద్దెకిచ్చినట్టే.

2004లో జాన్ కెర్రీ మూలకి వెళ్లాను. ఆయన నాకు నచ్చి కాదు. వియత్నాంలో పతకాలు తెచ్చుకున్న సైనికుడు కాబట్టి ఒహాయోలో ఎవరికో నచ్చుతాడని. ఒహాయోలో నాకు ఒక్కడూ తెలియదు. ఒహాయోలోనే ఓడాడు.

10. కాదన్నవాళ్లతో ఎలా పని చేశావని అడుగు. తర్వాత ఆ జవాబుకి శిక్ష వేయకు.

హూవర్ ఇల్లు నేర్పిన ప్రశ్న ఇదే. గవర్నర్లని అయితే ఇంకా తేలిగ్గా అడగొచ్చు. మిట్ రామ్నీ మసాచుసెట్స్ గవర్నరుగా ఉండగా అక్కడి సభలు రెండూ డెమొక్రాట్ల చేతిలో ఉన్నాయి. అయినా 2006లో వాళ్లతో కూర్చుని ఆరోగ్య బీమా చట్టం తెచ్చాడు. ఎదుటి పార్టీతో కలిసి పెద్ద పని పూర్తి చేసిన రుజువు అంతకంటే ఏం కావాలి? 2012 పోటీలో ఆ పనే ఆయన మెడకి చుట్టుకుంది. ఒబామా చట్టానికి అదే నమూనా అని సొంత పార్టీవాళ్లే తిట్టిపోశారు. తన బయోడేటాలో అన్నిటికంటే గట్టి వాక్యాన్ని ఆయనే చేత్తో మూసుకుని మాట్లాడాల్సి వచ్చింది.

ఆ ఏడు డెమొక్రాట్లలో పోటీ లేదు కాబట్టి నేను ఫారం నింపి రిపబ్లికన్ల గదిలో కూర్చున్నాను. నా పక్కన ఒక పెద్ద రైతు, మనిషి మంచివాడు, "అవతలివాళ్లతో చేతులు కలిపినవాణ్ణి ఎట్లా నమ్మేది?" అన్నాడు. నేను వాదించలేదు. కొత్తగా వచ్చినవాణ్ణి, గదిలో ఒకే ఒక్క నల్లటివాణ్ణి. ఆ రాత్రి రామ్నీ 8 ఓట్లతో గెలిచాడన్నారు. రెండు వారాలయ్యాక కాదు, శాంటోరమ్ 34 ఓట్లతో ముందున్నాడన్నారు. రాష్ట్రం మొత్తం మీద 34. ఆ రైతుతో నేను అయిదు నిమిషాలు మాట్లాడి ఉండాల్సింది.

2020లో మా డెమొక్రాట్లు లెక్కల కోసం ఫోను యాప్ ఒకటి తెచ్చిపెట్టుకుంటే ఆ రాత్రి అది పనిచేయలేదు. దేశం రోజుల తరబడి మా లెక్క కోసం కాచుకుంది. దాంతో వాళ్ల పార్టీలో మొదటి చోటు మాకు పోయింది. 2024లో మూలలు లేవు, పోస్టులో కార్డు పంపారు, ఫలితం మార్చి 5న చెప్పారు. మనవరాలికి ఏ పద్ధతి దొరుకుతుందో చూడాలి.

ఇదంతా రాసి మా ఆవిడకి చదవమని ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని ఆరో పాఠం దాకా వచ్చి ఆగింది.

"మీరు ఆ రాత్రి క్లింటన్ మూలకి పోయింది ఆమె అనుభవం చూసి అని రాశారా?"

"మరి?"

"చేతికి తొడుగులు మర్చిపోయి వచ్చారు ఆ రోజు. వేడిగాలి వచ్చే పెట్టె ఆ గోడకే ఉండేది."